జపాన్ చొక్కాలకు శుక్రవారం పసుపు

పిల్లలూ, మీ తెలుగు అసోసియేషన్ పుస్తకానికి ఏదైనా రాయమని అడగడానికి వచ్చినప్పుడు మీ మొహాల్లో అనుమానం నాకు కనబడింది. డాక్టర్లు ఆపరేషన్ల గురించి రాస్తారు, ఇంజనీర్లు ప్రాజెక్టుల గురించి రాస్తారు, హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికిన మనిషి దేని గురించి రాస్తుందని. దుప్పట్ల గురించి రాయను, భయపడకండి. ఒక జపాన్ ఫుట్‌బాల్ క్లబ్ గురించి రాస్తాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, ఈ ఊరి లైబ్రరీలో. వాక్యం వంకరగా ఉంటే సరిచేసుకోండి. సంగతిని మాత్రం సరిచేయొద్దు.

మాది చీరాల దగ్గర. మా ఆయన అరిజోనాలోని చాండ్లర్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌కి వంటమనిషిగా వస్తే వెంట వచ్చాను. కాగితాలు వచ్చి పని చేసుకోవచ్చన్నాక నేను చేరింది ఈ హోటల్లో. హోటల్ యజమాని మన గుంటూరు ఆయనే. చాలాకాలం కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజనీరుగా పనిచేసి, విసుగొచ్చి, హోటల్ కొన్నాడు. నన్ను అక్కా అనేవాడు, నేను సార్ అనేదాన్ని. లాండ్రీలో నాతోపాటు ఒక మెక్సికో ఆవిడ ఉండేది. ఇస్త్రీ మిషన్ ఆవిడది, ఉతికే మిషన్లు నావి. ఆవిడకి తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లం. పని చేసేవాళ్లకి మాటలు తక్కువైనా గడుస్తుంది, మీ మీటింగుల్లో లాగా కాదు.

ఆ ఏడాది దేశమంతా ఉద్యోగాలు ఊడుతున్నాయి. హోటల్లో మనుషులు లేరు. మడతపెట్టిన తువ్వాళ్లు మడతపెట్టినట్టే ఉండేవి. మనల్ని ఎప్పుడు ఇంటికి పంపుతారో అని నేనూ మెక్సికో ఆవిడా రోజూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. అలాంటప్పుడు ఫిబ్రవరిలో ఒక ఉదయం సార్ లాండ్రీలోకి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అక్కా, జపాన్ నుంచి టీమ్ వస్తోంది. ప్రొఫెషనల్ టీమ్. రెండు ఫ్లోర్లు వాళ్లకే. వాళ్ల ఊళ్లో ఇప్పుడు మంచు, అందుకని ఇక్కడ ప్రాక్టీస్ చేసుకుని వెళ్తారు."

"ఏం ఆడతారు సార్?"

"ఫుట్‌బాల్. ఇక్కడోళ్లు సాకర్ అంటారే, అది."

"చెమట పట్టే ఆటేనా?"

"పట్టకేం."

"అయితే మంచి ఆటే," అన్నాను. చెమట పడితే ఉతుకు ఉంటుంది. ఫుట్‌బాల్ గురించి నాకు అప్పుడు అంతకుమించి తెలియదు. ఇప్పుడూ తెలియదు.

ఆటగాళ్లు వచ్చారు. కుర్రాళ్లు, ఎదురైన ప్రతిసారీ నడుం వంచి దండం పెట్టేవాళ్లు. గదులు వాళ్లే ఊడ్చుకునేవాళ్లు, పక్కలు వాళ్లే సర్దుకునేవాళ్లు. గదులు శుభ్రం చేసే అమ్మాయిలు లోపలికెళ్లి ఏం చేయాలో తెలియక బయటికి వచ్చేసేవాళ్లు. ఇది బాగానే ఉంది. చిక్కు మాకు వచ్చింది. వాళ్లతో ఒక పెద్దాయన వచ్చాడు, అరవై దాటిన మనిషి, బక్కపలచగా, మెడలో ఎప్పుడూ ఒక చిన్న తువ్వాలుతో. ఆటగాళ్ల బట్టలు, బూట్లు, బంతులు అన్నీ చూసుకోవడం ఆయన పని. మొదటిరోజే మురికి బట్టల సంచులతో లాండ్రీకి వచ్చి, వాటిని మాకు ఇవ్వకుండా, సరాసరి నా మిషన్ దగ్గరికి వెళ్లి తలుపు తెరిచాడు.

మెక్సికో ఆవిడ నావైపు చూసింది. "ఆ ముసలాయన నీ మిషన్ ముట్టుకుంటున్నాడు. నువ్వు చూస్తూ ఉన్నావు."

"ముట్టుకోనీ. నీ ఇస్త్రీ మిషన్ దగ్గరికి ఇంకా రాలేదుగా."

"వస్తే చెయ్యి ఇస్త్రీ చేసి పంపుతా."

వెనకే ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. జపాన్ అమ్మాయే, కాలిఫోర్నియాలో చదువుకుందట, టీమ్‌కి దుబాసీ. టీమ్ బట్టలు ఇంతవరకు వేరేవాళ్ల చేతికి ఇవ్వలేదు, మీరు ఏమీ అనుకోకపోతే ఆయనే ఉతుకుతాడు అని బతిమాలింది. ఏమీ అనుకోకపోవడం ఏమిటి, బాగానే అనుకున్నాం. కానీ ఆయన ఉతుకు అయిపోయాక మిషన్ గాజు తలుపు మెడలోని తువ్వాలుతో తుడిచి, దానికి తల వంచి, ఏదో రెండు ముక్కలు చెప్పి వెళ్లాడు. ఏం చెప్పాడని అడిగితే, కష్టపడ్డావు, థాంక్స్ అన్నాడని ఆ అమ్మాయి చెప్పింది. మనం దసరాకి ఒక్కరోజు మిషన్లకి బొట్టుపెట్టి దండం పెడతాం. ఈయన రోజూ పెడుతున్నాడు. అలాంటి మనిషి మీద ఎంతసేపు కోపం పెట్టుకుంటాం. మూడోనాటికి మెక్సికో ఆవిడ ఆయన షార్ట్సులు కూడా ఇస్త్రీ చేసి పెట్టింది.

బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర మేం నలుగురం చేరేవాళ్లం. ఆయన చెప్పేవాడు, ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పేది, నేను సగం అర్థం చేసుకుని మెక్సికో ఆవిడకి చేతులతో చెప్పేదాన్ని. ఆ క్లబ్ పుట్టింది ఒక బట్టల మిల్లులో. యుద్ధం అయిపోయి దేశం లేచి నిలబడుతున్న రోజులు. మగ్గాల దగ్గర షిఫ్టు దిగిన మగవాళ్లు మిల్లు వెనక బట్టలారేసే ఖాళీ స్థలంలో బంతి ఆడేవారట. మొదటి చొక్కాలు మిల్లు గుడ్డతోనే, దారం తీసే ఆడవాళ్లు తీరిక వేళల్లో కుట్టారట. తెల్ల చొక్కా, గుండె మీద నీలం దారంతో మిల్లు గుర్తు. ఆ టీమ్ పెద్ద పెద్ద కంపెనీల టీముల మీద గెలిచి పేరు తెచ్చుకుంది.

"మీరూ ఆడేవారా?" అని అడిగాను.

ఆయన నవ్వి ఏదో అన్నాడు. పిల్ల కూడా నవ్వింది. "ఆడాడట. అందుకే బట్టలు ఇచ్చి పక్కన నిలబెట్టారట."

చిన్నవయసులో మగ్గాలకి నూనె వేసే పనికి మిల్లులో చేరినవాడు. తర్వాత దేశంలో జీతాలిచ్చి ఆడించే పెద్ద లీగ్ మొదలైంది. సరిగ్గా అప్పుడే మిల్లు మూతబడింది. మిల్లు పోయింది, క్లబ్ మిగిలింది. ఊళ్లో మంగలి షాపు ఆయన, నూడుల్స్ అమ్మే ఆవిడ, బడిపంతుళ్లు, అందరూ కలిసి దాన్ని ఎత్తుకున్నారు. ఒకసారి కింది డివిజన్‌కి పడిపోయారు. వానలో ఖాళీ కుర్చీల ముందు ఆడారు. మళ్లీ పైకి వచ్చారు. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఆగలేదు. ఒక్కో చొక్కా నంబరు పైకి వచ్చేలా మడతపడి దొంతరలో చేరేది.

మిల్లు మూతపడిన రోజు అందరూ తలో వస్తువు ఇంటికి తెచ్చుకున్నారట. ఈయన మగ్గం మీద చివరగా దిగిన తెల్ల గుడ్డ తాను ఒకటి తెచ్చుకున్నాడు. ఇన్నేళ్లూ బీరువాలో దాచాడు. ఇప్పుడు క్లబ్ పుట్టి యాభై ఏళ్లు అవుతోంది కాబట్టి, ఆ తానుతో మొదటి చొక్కాల లాంటివే కుట్టించాడు. శనివారం మధ్యాహ్నం ఇక్కడి టీమ్‌తో ఒక మ్యాచ్ ఉంది. క్లబ్ ఛైర్మన్ జపాన్ నుంచి వస్తున్నాడు. ఆ ఛైర్మన్ ఎవరనుకున్నారు, ఆ మొదటి మిల్లు టీమ్‌లో గోల్‌కీపర్. ఆయన ముందు ఈ చొక్కాలు ఆటగాళ్లకి అందించాలి. ఆ ఏడాది చివర్లో పెద్దాయన రిటైర్ అవుతున్నాడు. ఊళ్లో స్టేడియం మధ్యలో నిలబెట్టి సాగనంపుతారట.

గురువారం సాయంత్రం ఆ చొక్కాలు పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటీ దీపం కింద పట్టుకుని చూశాడు. మందంగా, మెత్తగా, మన పాత మిల్లు గుడ్డలాగే ఉంది. నేను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే ఆయనకి ముచ్చటేసినట్టుంది, ఇంకొకటి కూడా చేతికిచ్చాడు. కొత్త గుడ్డ కాబట్టి ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయాలి. పొద్దున్నే ఉతుకుతానని చెప్పి, బల్ల మీద పేర్చి వెళ్లాడు.

శుక్రవారం వచ్చింది. ఇక్కడ మీకు మా సార్ భార్య గురించి చెప్పాలి. మేడం మంచి మనిషి. చెయ్యి పెద్దది, నోరు పెద్దది, భక్తి అన్నిటికన్నా పెద్దది. శుక్రవారం శుక్రవారం హోటల్ ఆఫీసులో పూజ చేసుకుని అందరికీ ప్రసాదం పంచేది. ఫ్రంట్ డెస్క్‌లో అమెరికా పిల్లకి కూడా బొట్టు పెట్టేది, ఆ పిల్ల కిక్కురుమనకుండా పెట్టించుకునేది. ఆ పొద్దున నేను పైఅంతస్తుకి తువ్వాళ్లు పట్టుకెళ్లాను. మెక్సికో ఆవిడ ఇంకా రాలేదు. పెద్దాయన టిఫిన్‌కి వెళ్లాడు. వచ్చి చూస్తే బల్ల పక్కన ఒక అరటిపండ్ల హస్తం ఉంది. నేనొకటి తిన్నాను, పనికి వచ్చాక మెక్సికో ఆవిడ రెండు తిన్నది. పెద్దాయన కూడా ఒకటి తిని, టీమ్ ప్రాక్టీసుకి టైమైపోతోందని, చొక్కాలు దొంతర దొంతరగా మిషన్లో వేశాడు. ముందురోజు ప్రతి చొక్కా చూశాడు కదా, మళ్లీ విప్పి చూడలేదు. సబ్బు నేనే పోసి ఇచ్చాను. ఆ అరటిపండ్లు ఎవరు పెట్టారని ముగ్గురిలో ఒక్కరం కూడా అడుక్కోలేదు.

ఉతుకు అయ్యాక ఆయనే తలుపు తీశాడు. మొదటి చొక్కా బయటికి తీసి దులిపాడు. చేతులు అలాగే గాలిలో ఆగిపోయాయి. కింద అంచు దగ్గర, కందిబద్దంత ఎర్రటి మరక. రెండోది తీశాడు. దానికీ అక్కడే. అన్నిటికీ అక్కడే.

మెక్సికో ఆవిడ వెంటనే తన చేతులు చూసుకుంది, తర్వాత నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "రక్తం. ఎవరిది?"

పెద్దాయన సబ్బు డబ్బా మీద కూర్చున్నాడు. తడి చొక్కా ఒళ్లో ఉంది, నీళ్లు బూట్లలోకి కారుతున్నాయి, ఆయనకి తెలియడం లేదు.

నేను మరక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన సబ్బుదే. కానీ ఆ ఎరుపు నాకు తెలుసు. పెళ్లిలో కాళ్లకి పెట్టేటప్పుడు ఎన్నిసార్లు కలిపాను. పసుపులో సున్నం పడితే వచ్చే పారాణి ఎరుపు అది. మా హోటల్ సబ్బూ సున్నం లాంటిదే. ఇక ఆ పసుపు ఎక్కడిదో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు. అరటిపండ్లు గుర్తొచ్చాయి. ఆఫీసుకి ఫోన్ చేశాను.

సార్, మేడం ఇద్దరూ వచ్చారు. దుబాసీ పిల్ల కూడా వచ్చింది. మేడం మరక చూసి ఏమాత్రం తడబడలేదు.

"నేనే పెట్టా. కొత్తబట్టలు పసుపు పెట్టకుండా తొడుక్కుంటారా ఎవరైనా? పైగా శుక్రవారం. పరాయి దేశం నుంచి వచ్చిన పిల్లలు, మనూళ్లో ఆడుతున్నారు, దెబ్బలవీ తగలకూడదని పెట్టా."

"అడిగి పెట్టొచ్చు కదే," అన్నాడు సార్.

"ఎవర్ని అడగాలి? పురుగు కూడా లేదిక్కడ. బట్టలున్నాయి, పసుపుంది. పెట్టా."

"ఎన్నిటికి పెట్టావ్?"

"అన్నిటికీ. కొందరికి పెట్టి కొందరికి మానడం ఏం పద్ధతండీ?"

పిల్ల ఇదంతా పెద్దాయనకి చెప్పడానికి చాలా అవస్థపడింది. ఆయన విని, లేచి నిలబడి, మేడంకి తల వంచాడు. ఆవిడ మొహంలో మొదటిసారి రంగు మారింది. తిడితే తట్టుకునేదే. తల వంచితే ఏం చేస్తుంది. తర్వాత ఆయన పిల్లతో నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఆ పిల్ల మాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ తప్పేం లేదట. ఉతికేముందు విప్పి చూడాల్సింది తను. ఇన్నేళ్లలో విప్పి చూడకుండా ఒక్క చొక్కా నీళ్లలో వేయలేదట. ఈ గుడ్డ ఇంకెక్కడా లేదు. రేపు ఛైర్మన్‌కి తనే చెప్పి అక్కడికక్కడే ఉద్యోగం వదిలేస్తాడట. స్టేడియం మధ్యలో నిలబడే అర్హత ఇక లేదట.

"పిచ్చా?" అన్నాను నేను తెలుగులో. ఎవరూ తర్జుమా చేయలేదు.

మెక్సికో ఆవిడ అప్పటికే బ్లీచ్ డబ్బా మూత తీస్తోంది. నేను పట్టుకుని ఆపాను. బ్లీచ్ వేస్తే గుండె మీది నీలం దారం పోతుంది, పాత గుడ్డ పీలికలవుతుంది. సార్ చొక్కాలు ప్యాంటులోకి దోపుకుంటే మరక కనబడదు కదా అన్నాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. లోపల ఉన్నా ఉన్నట్టే.

సార్ కాసేపు నెత్తి గోక్కున్నాడు. అప్పుడు ఆయనలోని ఇంజనీరు లేచాడు. "సబ్బుకి ఎర్రబడిందంటే పులుపు తగిలితే వెనక్కి పసుపవ్వాలి. నిమ్మకాయ కావాలి అక్కా. చాలా కావాలి."

చాండ్లర్‌లో ఫిబ్రవరిలో నిమ్మకాయలకి కరువేముంది. పెరట్లో చెట్టున్న ప్రతివాళ్లూ సంచులతో పంచుతుంటారు, వద్దన్నా కార్లో పడేసి పోతారు. మెక్సికో ఆవిడ ఇంటికెళ్లి రెండు సంచులు తెచ్చింది. అందరం కూర్చుని పిండాం. మేడం ఉంగరాలన్నీ తీసి పక్కనపెట్టి, మాకంటే ఎక్కువ పిండింది. తొట్టిలో నిమ్మరసం నీళ్లలో చొక్కా అంచు ముంచగానే మా కళ్లముందే ఎరుపు పోయి మళ్లీ పచ్చగా అయింది.

పెద్దాయన చొక్కా కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఆ పచ్చదనం చాలాసేపు చూశాడు. వాసన చూశాడు. పిల్లని ఏదో అడిగాడు, పిల్ల మేడంని అడిగింది. ఇదేం రంగు, దేనితో చేస్తారని. మేడం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పసుపు డబ్బీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేలితో కొంచెం తీసి చూసి, గబగబా బయటికి వెళ్లిపోయాడు.

"కోపమొచ్చిందా?" అంది మేడం.

"రావాలి కదా మరి," అన్నాడు సార్.

తిరిగి వచ్చేటప్పటికి ఆయన చేతిలో ఒక పాత గుడ్డ మడత ఉంది. బల్ల మీద పరిచాడు. పసుపు గుడ్డ. వెలిసిపోయిన మన పసుపే. ఇన్నేళ్లూ ఆ తెల్ల తానుని బీరువాలో చుట్టి ఉంచింది ఈ గుడ్డలోనేనట. వాళ్ల దేశంలో పట్టుబట్టలు, తాతలనాటి పింగాణీ గిన్నెలు, అలా విలువైనవన్నీ పసుపు అద్దిన గుడ్డలో చుట్టి దాస్తారట, పురుగు పట్టకుండా. చొక్కాలు వచ్చిన పెట్టెలో అడుగున పరుచుకొచ్చాడు.

మేడం ఆ గుడ్డ పట్టుకుని చూసి, మొగుడి వైపు తిరిగింది. "చూశారా. నేనేదో నేరం చేసినట్టు మాట్లాడారు."

"చుట్టడానికి వాడారు. నువ్వు అద్దావు," అన్నాడు సార్.

పెద్దాయన మొహం కాస్త తేటపడింది. కోపం లేదు. అయితే మాట మారలేదు. ఆశీర్వాదం ఆశీర్వాదమే, మరక మరకే అన్నాడట. రేపటికి చొక్కా తెల్లగా ఉండాలి, మొదటి చొక్కాలు తెల్లవి.

పసుపు పోవాలంటే ఎండ కావాలి. చంటిపిల్లల బట్టలు ఉతికిన ఎవరిని అడిగినా చెబుతారు. అరిజోనాలో ఎండకి ఏం లోటు, ఫిబ్రవరిలో కూడా నెత్తి మాడుతుంది. లోటల్లా ఆరేయడానికి చోటుకే. ఈ దేశంలో అన్నీ దొరుకుతాయి గానీ బట్టల తీగ ఒక్కటి దొరకదు. హోటల్ ఉన్న కాంప్లెక్స్ వాళ్లు బయట ఒక్క తువ్వాలు వేలాడినా వెంటనే ఫోన్ చేస్తారు. సార్ పార్కింగ్ లాట్ వైపు చూసి భయపడ్డాడు. కార్ల మీద ఆరేద్దామని మేడం అంది. దుమ్మని నేను వద్దన్నాను.

అప్పుడు మెక్సికో ఆవిడ కిటికీలోంచి వేలు చూపించింది. రోడ్డవతల పార్కులో టీమ్ ప్రాక్టీస్ చేసే గ్రౌండు. అటొకటి ఇటొకటి గోల్ పోస్టులు, వాటికి వెనకాల పెద్ద పెద్ద వలలు.

పిల్ల చెప్పడానికి ముందే పెద్దాయనకి అర్థమైంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాడు. ఆయనకి గోల్ అంటే మనకి గుడి గడప లాంటిదేమో, నాకు తెలియదు. తర్వాత చొక్కాల తొట్టి ఒకటి ముందుగా తనే ఎత్తుకున్నాడు.

మేం రోడ్డు దాటుతుంటే చూడాలి. ముందు ఆయన, వెనక నేను, మెక్సికో ఆవిడ, పట్టుచీరలో మేడం, టై కట్టుకున్న సార్, తలా ఒక తొట్టి. ఆటగాళ్లు ఆట ఆపి చూశారు. కోచ్ వచ్చి విసుక్కున్నాడు. పెద్దాయన రెండు ముక్కలు చెప్పాడు. కోచ్ తొట్టిలోకి తొంగిచూసి, చొక్కా అంచు చూసి, మూతి బిగించి, విజిల్ ఊదాడు. కుర్రాళ్లంతా వచ్చి తలా ఒక చొక్కా అందుకున్నారు. వాళ్ల క్లబ్‌లో మిల్లు రోజుల నుంచీ ఎవరి బరువు వాళ్లే మోస్తారట. మరక ఎండవైపు వచ్చేలా ఎలా ఆరేయాలో నేను చూపించాను, క్లిప్పులు మేడం అందించింది. కాసేపట్లో ఒక గోల్ నిండా తెల్ల చొక్కాలు. గాలికి ఊగుతుంటే ఆ మిల్లు వెనక ఖాళీ స్థలం కూడా ఇలాగే ఉండేదేమో అనిపించింది.

ఆ రోజంతా ప్రాక్టీసు మిగిలిన ఒక్క గోల్ మీదే. కానీ బంతికి బుద్ధి ఉండదు కదా, ఎటు పడితే అటు వస్తుంది. అందుకని కోచ్ తన గోల్‌కీపర్‌ని బట్టల గోల్ ముందు నిలబెట్టాడు. పొడుగ్గా, ఈనెపుల్లలా ఉండేవాడు ఆ అబ్బాయి. బంతి దూరంగా కనబడితే చాలు, పులిలా ఎగిరి పడేవాడు. ఒక్కటి కూడా చొక్కాల దగ్గరికి రానివ్వలేదు. ఎండ తిరిగినప్పుడల్లా నేను వెళ్లి, మరకలు తడిపి, చొక్కాలు తిప్పి వచ్చేదాన్ని. ఆ బట్టల గోల్ పక్కనే మేడం కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇంటికి వెళ్లమంటే, పెట్టింది నేను, పోయేదాకా చూస్తానంది. పార్కులో కుక్కని తిప్పుకునే ఒక తెల్లావిడ ఇదేం పండగ అని అడిగిందట. మేడం, అవును పండగే, అని ఒక అరటిపండు ఇచ్చిందట.

సాయంత్రానికి పచ్చదనం చాలావరకు వెలిసింది. శనివారం పొద్దున ఎండ రాగానే మళ్లీ ఆరేశాం. మధ్యాహ్నం దగ్గరపడేసరికి మరకలు వెతికితే తప్ప కనబడని స్థితికి వచ్చాయి. మెక్సికో ఆవిడ ఇస్త్రీ మిషన్ పక్కనపెట్టి, చేతి ఇస్త్రీపెట్టెతో ఒక్కొక్కటీ చేసింది. అంత నెమ్మదిగా ఆవిడ ఏ పనీ చేయగా నేను చూడలేదు.

నేను పెద్దాయనతో అన్నాను, పిల్లతో చెప్పించాను. "పోయింది కదా. ఇక ఛైర్మన్‌కి ఏమీ చెప్పక్కర్లేదు."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "పోయింది కాబట్టి చెప్పాలట," అంది పిల్ల. "పోకపోతే ఛైర్మనే చూసేవాడు కదా అంటున్నాడు."

ఈ మాట మీద మీరు కాస్త ఆలోచించండి పిల్లలూ. నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను, సగమే అర్థమైంది.

ఛైర్మన్ వచ్చాడు. చేతికర్ర పట్టుకుని నడిచే ముసలాయన, వంగిపోయినా పొడగరి. అరచేతులు మాత్రం పెద్ద పళ్లేల్లా ఉన్నాయి, గోల్‌కీపర్ చేతులు. గ్రౌండు పక్కన బల్ల మీద చొక్కాలు పేర్చి ఉన్నాయి. ఆటగాళ్లు వరసగా నిలబడ్డారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు, మేం ఒక పక్కగా నిలబడ్డాం. పెద్దాయన ముందుకు వెళ్లి, నడుం పూర్తిగా వంచి, అలాగే వంగి ఉండి మాట్లాడాడు. ఏం చెబుతున్నాడో అందరికీ తెలుసు. కుర్రాళ్లు నేలచూపులు చూస్తున్నారు. మేడం ఆగలేకపోయింది, నేరుగా వెళ్లి ఆయన పక్కన నిలబడి, "ఐ డిడ్ ఇట్. నాట్ హిమ్," అంది. పిల్ల దాన్నీ తర్జుమా చేసింది.

ఛైర్మన్ పైనున్న చొక్కా తీసుకున్నాడు. కింద అంచు పట్టుకుని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని మళ్లీ చూశాడు. పెద్దాయనకి ఇచ్చి, ఎక్కడో చూపించమన్నాడు.

పెద్దాయన అంచంతా తడిమాడు. ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. తిప్పి లోపలివైపు చూశాడు. అది పక్కనపెట్టి ఇంకొకటి తీశాడు. రాజీనామా ఇవ్వడానికి వచ్చిన మనిషి, దానికి కారణం దొరక్క చెమటలు కక్కుతున్నాడు. మూడోదీ చూశాడు. కుర్రాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. కోచ్ కూడా మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పుడు ఛైర్మన్ తనే ఇంకో చొక్కా తీసి, అంచు దగ్గర రెండు చేతులతో పట్టుకుని, ఆయనకి చూపించాడు. ఇందులో ఉందా అన్నట్టు. నేను ఛైర్మన్‌కి పక్కగా నిలబడి ఉన్నాను. ఆ చొక్కా నాకు తెలుసు. మొదటినుంచీ మొండికేసింది అదే, చిన్న లేతపచ్చ నలక ఒకటి మిగిలిపోయింది. ఇప్పుడది ఛైర్మన్ బొటనవేలి కింద ఉంది. పెద్దాయన అటూ ఇటూ వంగి చూశాడు. ఆ బొటనవేలు మాత్రం కదల్లేదు.

"లేదు," అన్నాడు పెద్దాయన చివరికి. ఆ ఒక్క ముక్క నాక్కూడా అర్థమైంది.

ఛైర్మన్ ఆ చొక్కా మడిచి, నవ్వకుండా ఏదో చెప్పాడు. కుర్రాళ్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. పెద్దాయన మెడలో తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నేను పిల్లని చేత్తో పొడిచాను, త్వరగా చెప్పమని. ఆ పిల్ల నవ్వూ ఏడుపూ కలిపి చెప్పింది.

"ఆ మరకేదో దొరికాక రా, అప్పుడు రాజీనామా సంగతి మాట్లాడదాం అంటున్నాడు."

పెద్దాయన చొక్కాలు పంచాడు. ఒక్కొక్క కుర్రాడికీ రెండు చేతులతో ఇచ్చాడు. మొండి చొక్కా ఎవరికి వెళ్లిందో చెప్పను.

మ్యాచ్ అంటారా, మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. బట్టల గోల్‌ని అంత కాపాడిన అబ్బాయి అసలు గోల్‌ని కాపాడలేకపోయాడు. పసుపు కడిగేశారు, ఇంకేం గెలుస్తారు అంది మేడం, సార్ నెత్తి కొట్టుకున్నాడు. కానీ ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది కూడా ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది.

ఆ ఏడాది చివర ఆయన రిటైర్ అయి ఉంటాడనుకున్నాం. మరుసటి ఫిబ్రవరిలో ఆ టీమ్ మళ్లీ మా హోటల్‌కే వచ్చింది. బస్సులోంచి అందరికంటే ముందు దిగింది ఆయనే. రిటైర్ కాలేదేం అని పిల్లతో అడిగించాను. ఆయన చాలా గంభీరంగా, ఇంకా వెతుకుతున్నానని చెప్పాడు.